అక్షరానికి నలభై

రంగు వెయ్యాలంటే ముందు గీకాలి.
మా నాన్న పొట్నూరు గవరయ్య
బ్రష్షు చేతికివ్వక ముందు
ఆరు నెలలు గీకుడే నేర్పాడు.

పంచాయతీవాళ్లు కబురెట్టారు.
జీడిచెట్ల మధ్య, పాత ప్లాట్‌ఫారం మీద
రెండు పట్టాముక్కల కాళ్లతో నిలబడ్డ సిమెంటు పలక మీద
'విజయలక్ష్మీనగర్' అని రాయాలి.
ప్లాట్లేసిన పెద్దమనిషి పెళ్లాం పేరట.
ఎనిమిదక్షరాలు. మూడొందల ఇరవై.
ఒత్తులకీ దీర్ఘాలకీ విడిగా ఇవ్వరు.

రైలు ఇక్కడ ఆగదిప్పుడు.
టెక్కలి దాటి పాతపట్నం పోయే పెద్దలైను బండి
అప్పున్న ఇంటి ముందు నడిచే మనిషిలా
తల తిప్పకుండా పోతుంది.

గీకాను.
పసుపు. పసుపు మీద నల్లగా 'బొగ్గులవలస'.
మా నాన్న చెయ్యే, అనుమానం లేదు,
'ల' తోక అవసరానికి మించి లాగుతాడు.
చిన్నలైను ఇంజను దులిపిన బూడిదలో
కాలని ముక్కల కోసం జల్లెడ పట్టిన ఆడవాళ్లు
పెట్టుకున్న పేరది. అందులో మా అమ్మ ఒకతె.
మా వైపు ఎవరో వచ్చి పొయ్యి వెలిగిస్తే చాలు
ఆ చోటు వలస అయిపోతుంది.
లేచి వెళ్లిపోవడానికీ అదే మాట.

ఇంకా గీకాను.
గుండ్రంగా ఒడియా, దాని కింద తెలుగులో 'బెహరాగుడ'.
పాయింట్స్‌మన్ ఉచ్ఛబ బెహరా, అతని వెనక పదకొండు కుటుంబాలు.
ముప్పయ్యారులో ఎక్కడో బల్ల మీద పటం పరిచి
కొండకి అటు వాళ్లది, ఇటు మాది అన్నారు.
బెహరా ఎంత దూరం పోయాడని?
రెండు స్టేషన్లు.
నేరేడుపళ్లు కోసుకుని మళ్లీ ఎక్కేంత నెమ్మది బండిలో
గంట ప్రయాణం.
"వానలు తగ్గాక వస్తాను" అని
తాళంచెవి మా తాత చేతిలో పెట్టాడు.

ఇక్కడ కాసేపు చెయ్యి ఆపాను.
ఆ తాళంచెవి మా ఇంట్లో మేకుకి ఇంకా వేలాడుతోంది.
అది పట్టే తలుపూ మా ఇంటికే ఉంది.

మళ్లీ గీకాను.
తారు నలుపు. ఇంగ్లీషు తప్ప ఇంకేమీ లేదు.
కూడబలుక్కుని చదివితే 'డిక్రూజ్ సైడింగ్'.
డ్రైవరు డిక్రూజ్ దొర, నీళ్లటాంకీ పక్కన పెంకుటిల్లు.
వాళ్లు పోయారు, వాళ్ల పిల్ల రాయి ఉండిపోయింది.
మేబెల్, నాలుగేళ్లు.
దాని మీదే మా అమ్మ బట్టలుతికేది
అక్షరాలున్న వైపు కిందికి బోర్లా వేసి.
"సబ్బు తగిలి అరిగిపోద్దిరా" అనేది.
పాదం తగలకూడదనేమో అని ఇప్పుడనుకుంటాను.

ఇంకా గీస్తే బోసి సిమెంటు.
అంతకు ముందు ఈ చోటుని సవరలు ఏదో ఒకటి
పిలిచే ఉంటారు.
వాళ్లు పలకలు పాతలేదు,
నాకు గీకడానికేమీ దొరకలేదు.

అట్టడుగు తెలుపు కొట్టి ఆరబెట్టాను.
ఏటవాలు ఎండలో, నా తెలుపు కిందనుంచే
'ల' తోక కొంచెం ఉబ్బి కనిపిస్తోంది.
ఇంకో పూత వేశాను. తగ్గింది. పూర్తిగా కాదు.

జీడిపిక్కలు కాల్చే దాలమ్మ
చేతులకి నల్లటి జిడ్డుతో వచ్చి నిలబడింది.
"ఏటి రాస్తన్నావు బావూ?"
చదివి చెప్పాను.
"అదెక్కడుంది?"
ఇదే, అన్నాను.
"ఇది టేసినికాడ కదేటి" అని
గంప సర్దుకుని వెళ్లిపోయింది.

టేసినికాడ.
బెహరా అలాగే అన్నాడట, దొర ఇంట్లో వంటావిడా అలాగే,
మా అమ్మ చివరిసారి ఆసుపత్రిలో
ఏ ఊరమ్మా అంటే అదే చెప్పింది.
ఏ పూతలోనూ లేదది.
ఐదక్షరాలు. రెండొందలు.

ఎవరిస్తారు?

బ్రష్షు ముంచి
'వి' మొదలుపెట్టాను.